గృహనిర్వహణము: కిటికీ అద్దములు, నీటికోల

గడచిన సంక్రాంతికి మూడు దినములు ముందు మా యింట జరిగిన యొక సంగతితో నీ మాసపు విషయమును ప్రారంభింతుము. అది గొప్పగా చెప్పుకొన దగినది కాదు. కాని చెప్పకుండినచో మా మనస్సునకు శాంతి లేదు.

పండుగకని ఇల్లు దులుపుచుంటిమి. మా యింటి మొదటి యంతస్తులో వీధివైపు గదికి రెండు పెద్ద అద్దపు కిటికీలు గలవు. వానికి ఇనుప ఊచలు లేవు. "పై అద్దములు మసకగా నున్నవి, ఒకసారి తుడువుము" అని మా యింట పనిచేయు నామెతో చెప్పి మేము వంటయింటికి పోయితిమి. కొంతసేపటికి వీధిలోనుండి "అమ్మా!" యను పసిదాని కేక వినబడినది. బయటికి వచ్చి చూతుము గదా, ఆమె కిటికీ దాటి, క్రింది కిటికీపై నున్న సజ్జమీద నిలిచి, ఒక చేత చట్రమును పట్టుకొని రెండవ చేత అద్దము తుడుచుచున్నది. సజ్జ వెడల్పు రెండడుగులు కూడ లేదు. చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకు చుట్టుకొనుచున్నవి. క్రింద ఆమె యెనిమిదేండ్ల కూతురు తలయెత్తి చూచుచు నిలువబడి యున్నది. మేము కేకవేయలేదు, కేకవేసినచో నులికిపడునేమో యని భయము. మెల్లగా మేడయెక్కి, చేయి యందించి, లోనికి దింపుకొంటిమి.

ఇంత సాహసమెందుకు చేసితివని యడుగగా ఆమె, "పండుగ గదమ్మగారూ! అద్దం మసగ్గా ఉంటే మీరేమంటారోనని దిగానండీ. ప్రతి యేడూ అట్లానే గదా తుడిచేది" అన్నది.

ప్రతి సంవత్సరమును! ఏడేండ్లనుండి మెఱయు అద్దములను చూచి మేము సంతసించితిమే కాని, అవి యెట్లు మెఱసినవో యొక్కమారైన నడిగి యుండలేదు.

ఆ దినముననే, ఇక మా యింట నెవ్వరును కిటికీ దాటి కాలు పెట్టరాదని నిశ్చయించుకొంటిమి. కాని నిశ్చయముతోనే అద్దములు శుభ్రపడవు గదా! ఉపాయమేమని విచారించుచుండగా ఇంగ్లాండులో కాపురముండు మా మేనకోడలు, అచ్చటి కిటికీల పనివాడు నెలకొకసారి వచ్చి, నేలమీదనే నిలువబడి, పొడవైన కఱ్ఱతో రెండవ యంతస్తు అద్దములను గూడ కడిగి పోవునని వ్రాసినది. ఆ సాధనమును వారు వాటర్ ఫెడ్ పోల్ అందురు. మేము దానిని నీటికోల యని పిలుచుకొనుచున్నాము. ఎత్తున చేయు పనులను గూర్చిన నిబంధనలు బ్రిటనులో 2005వ సంవత్సరమున అమలులోనికి వచ్చినవి. వీలున్నంతవఱకు మనుష్యుని పైకెక్కింపకయే పని జరుపవలెననుట వాని మూలసూత్రము. అటుపిమ్మట అచ్చటి కిటికీల పనివారిలో ననేకులు నిచ్చెనలను విడిచి నీటికోలలను చేపట్టిరి.

ఈ సాధనమును మేము తెప్పించుకొని, మొదట తప్పులు చేసి, పిదప నేర్చుకొంటిమి. క్రొత్తగా ప్రారంభింపదలచు సోదరీమణులకు మా తప్పులైనను ఉపకరించునని యీ క్రింది సంగతులు వ్రాయుచున్నాము.

నీటికోల యనగా నేమి?

ఒకదానిలో నొకటి యిముడు బోలుకఱ్ఱలు. వానిని కావలసినంత పొడవు లాగి క్లాంపులతో బిగింతురు. కొనకు మెత్తని కుచ్చు గల బ్రష్షుండును. సన్నని గొట్టము కఱ్ఱ లోపలినుండియో ప్రక్కనుండియో పైకి పోయి, బ్రష్షులోని రెండు రంధ్రములగుండ నీటిని చిమ్మును. క్రింద నీటిపాత్రయు, ఆ నీటిని పైకి తోయుటకు చిన్న పంపును ఉండును. బ్రష్షు మురికిని వదలించును. నీరు దానిని కడిగివేయును. తరువాత నెవ్వరును బట్టతో తుడువరు. అద్దము తనంత నారును. సబ్బు కూడ వాడరు. సబ్బు అంటియున్నచో దుమ్ము మఱింత త్వరగా పట్టును.

నీటిలోని రహస్యము

మేము చేసిన మొదటి తప్పిదమిది. కోల వచ్చిన దినముననే ఉత్సాహముతో బోరునీరు నింపి నాలుగు కిటికీలు కడిగితిమి. తడిగా నున్నంతసేపును అద్దములు మెఱసినవి. ఆఱినపిమ్మట చూడగా ఒక్కొక్క చుక్క యుండినచోట తెల్లని వలయ మేర్పడి, అద్దము మునుపటికంటె వికారముగా నున్నది.

కారణము స్పష్టము. నేలనీటిలో కాల్షియము, మెగ్నీషియము మొదలగువాని లవణములు కరగి యుండును. నీరు ఆవిరియై పోవును గాని లవణము పోదు. కాగులో నీరు కాచునప్పుడు అడుగున గట్టు తెల్లని గార యిదియే. బట్టతో తుడుచునప్పుడు నీరు ఆఱకముందే దానిని తీసివేయుచున్నాము. కావున మచ్చ కనబడదు. నీటికోలతో కడిగినప్పుడు తుడుచువారు లేరు. నీటిలో నున్నదంతయు అద్దముమీదనే మిగులును. కాబట్టి ఆ నీటిలో నేమియు నుండరాదు.

నీటిలో కరగిన పదార్థము లెన్ని యున్నవో తెలిసికొనుటకు టి.డి.ఎస్. మీటరని కలము వంటి చిన్న సాధనము దొరకును. అది నీటిలో విద్యుత్తు ఎంత సులభముగా ప్రవహించుచున్నదో కొలిచి, లీటరునకు నిన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టి చూపును. నీటికోల కంటె ముందు దీనిని కొనుడు. ఇది చౌక, చాల విషయములు చెప్పును. మన దేశపు త్రాగునీటి ప్రమాణము ఐ.ఎస్. 10500 ప్రకారము లీటరునకు 500 మిల్లీగ్రాములవఱకు కరగిన పదార్థములున్న నీటిని త్రాగవచ్చును. వేఱు నీరు దొరకనిచోట 2,000 వఱకును ఒప్పుకొందురు. అద్దములు కడుగువారు కోరునది సున్న. పది దాటిన నీటిని వారు వాడుటకు ఇష్టపడరు. త్రాగుటకు మంచినీరైనంత మాత్రమున అద్దమునకు మంచినీరు కాదని దీనివలన గ్రహింపదగును.

ఇట్టి నీరు సంపాదించుటకు మూడు మార్గములు గలవు.

మొదటిది యంత్రము. ఆర్.ఓ. యంత్రము నీటిని సన్నని పొరగుండ ఒత్తిడితో పంపి లవణములలో నధికభాగమును తీసివేయును. కాని ఇండ్లలో త్రాగుటకు పెట్టుకొను యంత్రములలో పెక్కింటియందు, రుచికొఱకు కొంత లవణమును మరల కలుపు నేర్పాటుండును. కావున ఆ నీటిని మీటరుతో చూడక నమ్మరాదు. మిగిలిన లవణమును తీయుటకు రెజిను అను సన్నని పూసలు నింపిన పాత్రగుండ నీటిని పంపవలెను. ఆ పూసలు లవణములను తాము పట్టుకొనును. నీరు దాదాపు సున్నకు వచ్చును. బోరునీటిని నేరుగా రెజినులోనికి పంపినచో పూసల శక్తి త్వరలో తీరిపోవును, డబ్బు వృథా. ముందు ఆర్.ఓ., పిదప రెజిను, ఇది క్రమము. మీటరులో అంకె పెరుగుట మొదలిడినప్పుడు రెజిను మార్చవలెను.

రెండవది వాననీరు. మొదటి జల్లు గాలిలోని దుమ్మును కడుగును గనుక దానిని వదలి, పదిపదునైదు నిమిషములైన పిమ్మట, శుభ్రమైన డ్రమ్ములో ఆకాశమునుండి నేరుగా పట్టవలెను. సిమెంటు డాబామీదినుండి దిగిన నీటిలో సున్నము చేరును. పట్టిన నీటిని పలుచని బట్టలో వడియగట్టి, మీటరుతో చూచి వాడుకొనవలెను.

మూడవది మనము నిత్యము పాఱబోయునది. ఏ.సి. యంత్రమునుండి గొట్టము ద్వారా కారు నీరు గాలిలోని ఆవిరియే చల్లబడి నీరైనది. అందు లవణములు మిక్కిలి తక్కువ. ఉక్కపోత దినములలో నొక్క రాత్రికి కొన్ని లీటర్లు చేరును. అది త్రాగుటకు పనికిరాదు. అద్దములకు మాత్రము బాగుగా పనికివచ్చును. మేమిప్పుడు చిన్న పనులకు ఈ నీటినే వడియగట్టి వాడుచున్నాము.

ఒక మాట. ఆర్.ఓ. యంత్రము మంచినీటికంటె నెక్కువ నీటిని వృథాగా బయటికి వదలుట తఱచు. వేసవిలో బిందెడు నీటికొఱకు ఎదురుచూచు మన పట్టణములలో ఆ నీటిని కాలువపాలు చేయరాదు. బాల్టీలో పట్టి మరుగుదొడ్లు కడుగుటకును, వాకిలి చల్లుటకును వాడుకొనుడు.

ఎంత పొడవు కోల కొనవలెను?

పొడవైనది కొన్న మేలని తోచును, అది పొరపాటు. లెక్క యిట్లు వేసికొనుడు. ఇంటి అరుగు రెండడుగులు, అంతస్తు ఒక్కొక్కటి పదియడుగులు, కిటికీ పైయంచు నేలనుండి ఏడడుగు లనుకొన్నచో, క్రింది కిటికీకి తొమ్మిది, మొదటి యంతస్తునకు పందొమ్మిది, రెండవ యంతస్తునకు ఇరువదితొమ్మిది అడుగులగును. కోలను నడుము ఎత్తున ఏటవాలుగా పట్టుకొందుము. కావున మొదటి యంతస్తు వఱకు కడుగువారికి ఇరువదియడుగుల కోల చాలును. దానికంటె పొడవైనది బరువుతోబాటు ఊగుటయు హెచ్చి, క్రొత్తవారి చేతికి లొంగదు. రెండవ యంతస్తు దాటిన మేడలకు ఈ పనియందు ఆరితేఱిన వారిని పిలుచుటయే యుక్తము.

కోలలు మూడు విధములు. అల్యూమినియము చౌక, కాని బరువు. గ్లాసు ఫైబరు నడిమి ధరకు దొరకును, ఇంటిపనికి చాలును. కార్బన్ ఫైబరు తేలిక, బిగువు; ధర హెచ్చు. దినమంతయు ఈ పనియే చేయువారికి తప్ప గృహిణికి అది యనవసరమని మా అభిప్రాయము.

నీటికి వీపున తగిలించుకొను తొట్టియో, చక్రముల బండిమీది తొట్టియో కావలెను. నిమిషమునకు ఒకటి రెండు లీటర్లు పోవును. వీపు తొట్టి ఇరువది లీటర్లదైనచో నిండుగా పోసిన నీటి బరువే ఇరువది కిలోలు! స్త్రీలు సగము మాత్రమే నింపుకొనవలెను. బండి యున్న మఱియు మేలు. రైతులు మందు చల్లు బ్యాటరీ స్ప్రేయరును ఇందుకు వాడుకొనవచ్చునా యని కొందఱు మమ్మడిగిరి. క్రొత్తది కొని, తగిన గొట్టము తగిలించుకొన్న వాడవచ్చును. పొలములో మందు చల్లినదానిని మాత్రము ఎంత కడిగినను ఇంటికి తేరాదు.

కడుగు విధము

ఉదయమునగాని సాయంకాలమునగాని పని మొదలిడుడు. మండుటెండలో మురికినీరు కడుగకముందే ఆఱిపోవును. కిటికీలన్నియు మూసి, లోపల గోడవెంట పాతబట్టలు పరవుడు. జరుపు కిటికీల పట్టెలగుండ నీరు లోనికి రావచ్చును. కిటికీమీది పూలకుండీలు తీసివేయుడు.

కోలను నిలువుగా పట్టుకొని, పై సన్నని భాగమును ముందు లాగి బిగించి, దాని క్రిందిభాగమును పిదప లాగుచు, కిటికీ అందువఱకు పొడిగింపుడు. ముందుగా చట్రపు పైభాగమును రుద్దుడు. అచ్చటనే ఏండ్ల దుమ్ము చేరియుండును. దానిని కడుగక అద్దము కడిగినచో, పిదప ఆ మురికినీరే చుక్కలుగా క్రిందికి కారి శ్రమ వ్యర్థమగును. తరువాత ప్రక్కలు, అటుపిమ్మట అద్దమును పైనుండి క్రిందికి రుద్దుడు. కడపట రుద్దుట మాని, పైయంచునుండి నీటిని ధారగా విడుచుచు కోలను మెల్లగా ప్రక్కకు జరుపుడు. మురికి యంతయు దిగిపోవు వఱకు నిట్లు చేసి వదలుడు. తుడువవలెనని చేతులు దురదపెట్టును, తుడువరాదు.

మొదటిసారి ఫలితము సంపూర్ణముగా నుండదు. పాత చట్రములనుండి రంగుపొడియు, మూలలనుండి మట్టియు దిగుచునే యుండును. రెండు వారముల పిమ్మట మరల కడిగినచో అద్దము తేటపడును. ఇదివఱకే గట్టిపడిన బోరునీటి మచ్చలను నీటికోల తీయలేదు. చేతికందు అద్దములకు నీళ్లు కలిపిన వెనిగరు రాచి, కొంతసేపుంచి, మెత్తని బట్టతో రుద్ది కడిగిన పోవును. ఆ వెనిగరు పాలఱాతి గట్లమీద మాత్రము పడనీయరాదు. ఱాయి నునుపు చెడును.

ప్రాణములకు సంబంధించిన జాగ్రత్తలు

ఒకటి: విద్యుత్తు తీగలు. మన వీధులలో తీగలు మేడల ప్రక్కనే పోవుచుండును. అల్యూమినియము, కార్బన్ ఫైబరు రెండును విద్యుత్తును ప్రవహింపజేయును. తడిసిన కోల యేదైనను నమ్మదగినది కాదు. కోల యెత్తినను ఒరగినను తాకునంత దూరములో తీగ యున్నచో ఆ కిటికీని వదలివేయుడు. ఇందు రెండవ యాలోచన వలదు.

రెండు: తేనెపట్టు. సజ్జల క్రిందను, గోడల మూలలను పట్లుండునేమో ముందు చూచుకొనుడు.

మూడు: క్రింద పిల్లలు తిరుగకుండ చూడుడు. పని చేయుచుండగా మడమ వెనుకకు వేసి నడువవలసి వచ్చును. గొట్టము కాళ్ల కడ్డపడకుండ నొకరు దానిని పట్టుకొనుట మంచిది. తల వెనుకకు విఱిచి చూచుచుండిన మెడ నొప్పిపుట్టును. గోడకు కొంచెము దూరముగా నిలిచి, నడుమ నడుమ విశ్రమింపుడు.

నాలుగు: తొట్టిలో నీరు నిలువయుంచరాదు. వెచ్చని నిలువనీటిలో లీజియనెల్లా యను సూక్ష్మజీవి పెరుగును. ఆ నీటి తుంపరలను పీల్చినవారికి ఒక విధమైన న్యుమోనియా రావచ్చును. పని ముగిసిన వెంటనే తొట్టియు గొట్టమును ఖాళీచేసి ఆఱబెట్టుడు.

ఎవరికి అక్కఱలేదు?

ఎల్లరును దీనిని కొనవలెనని మేము చెప్పుట లేదు. మన ఇండ్ల కిటికీలలో పెక్కింటికి వెలుపల ఇనుప ఊచలో, దోమతెరలో ఉండును. ఆ యడ్డములగుండ బ్రష్షు అద్దమును చేరదు. అట్టివారు గదిలో నిలిచి చేతితో తుడుచుకొనుటయే సులభము. ఊచలున్నవి గనుక పడు భయమును లేదు. రెక్కలు లోనికి తెఱచుకొను కిటికీలకును ఇది యనవసరము. ఊచలులేని పెద్ద అద్దములు ఎత్తున నున్నవారికే దీని యుపయోగము. అట్టి యిండ్లు నాలుగైదు ఒకచోట నున్నచో అందఱును కలిసి యొక్కటి కొనుక్కొనవచ్చును. నెలకొక్క పూట పనికి ఇంటికొక్కటి యేల?

ఉగాదికి ముందు మా కిటికీలు కడిగిన విధమును చెప్పి ముగింతుము. కోలను మేమే పట్టుకొందుమనుకొంటిమి; పావుగంటలో మా భుజములు చాలనెను. మా యింట పనిచేయు నామె కోలను తీసికొని, మాకంటె నేర్పుగా అద్దమునంతయు కడిగినది. ఆమె కూతురు గొట్టము పట్టుకొని తల్లివెంట నడచినది. క్రొత్త పని నేర్చినది గనుక దానికి వేఱుగా కూలి యిచ్చితిమి. ఎదురింటివారును ఆమెను పిలిపించుకొని యిచ్చిరి. "నేలమీద నిలబడి చేస్తుంటే అద్దం కనిపిస్తోందమ్మగారూ! ఇదివరకు కాళ్లే చూసుకొనేదాన్ని" అని యామె యన్నది.

సోదరీమణులారా! నీటికోల కొనగలవారు కొనుడు, కొనలేనివారు కొనకుడు. కాని రాబోవు పండుగకు "పై అద్దము తుడువు" మని చెప్పుటకు ముందు, ఆ తుడుచునామె ఎక్కడ నిలువబడి తుడువవలసి యుండునో స్వయముగా పోయి చూడుడు. అచ్చట మన బిడ్డను నిలువబెట్టలేమని తోచినచో ఆ అద్దమును మసకగానే యుండనిండు.